ఛార్జిషీటు అందిన తరువాత

ప్రభుత్వ ఉద్యోగిని పనిలోంచి తీసేయడానికి, హోదా తగ్గించడానికి అధికారికి ఉన్న అధికారానికి రాజ్యాంగంలోని 311వ అధికరణం హద్దు గీసింది. నియమించిన అధికారి కంటే కింది స్థాయి అధికారి ఆ ఉద్యోగిని తొలగించకూడదు. అభియోగం ఏమిటో చెప్పి, విచారణ జరిపి, తన మాట చెప్పుకోవడానికి తగిన అవకాశం ఇవ్వకుండా డిస్మిసల్ గానీ, రిమూవల్ గానీ, రివర్షన్ గానీ విధించకూడదు. ఈ హామీ ఇంత గట్టిగా నిలబడడానికి ఒక రైల్వే కేసు కారణం. పర్మనెంటు ఉద్యోగిని సైతం నోటీసు ఇచ్చి, విచారణ లేకుండా ఇంటికి పంపే నియమాలు ఒకప్పుడు రైల్వేలో ఉండేవి. 1963 డిసెంబరులో మోతీరామ్ డేకా కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వాటిని కొట్టేసింది. ఆ తరువాత 1968లో వచ్చిన రైల్వే సర్వెంట్స్ డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్సే ఇవాళ్టికీ ఆధారం. ఉద్యోగుల నోట వాటి పేరు డీఏఆర్.

బిలాస్‌పూర్ స్టేషనుకు దగ్గర్లోని తార్‌బహార్ వంటి పేటల్లో రైల్వేనే నమ్ముకుని బతికిన తెలుగు కుటుంబాలకు ఈ మూడక్షరాలు బాగా తెలుసు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచే ఉత్తరాంధ్ర జనం ఈ లైన్ల వెంట పనికి వెళ్లారు. ఆ రైల్వేలో ఉద్యోగాలు పోయిన కార్మికుల కోసం 1920ల చివర సమ్మె నడిపిన నాయకుడు బరంపురంలో పుట్టిన తెలుగువారు, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. ఆనాడు ఉద్యోగం పోతే సమ్మె తప్ప దారి లేదు. ఇప్పుడు నియమాలున్నాయి, అప్పీళ్లున్నాయి, ట్రిబ్యునల్ ఉంది. బిలాస్‌పూర్ ఉద్యోగికి మరో వెసులుబాటు కూడా ఉంది. డివిజనల్ రైల్వే మేనేజర్ (డీఆర్ఎం) ఆఫీసు, 2003లో ఏర్పడిన సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జనరల్ మేనేజర్ ఆఫీసు, 2000 నవంబరు 1న ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ హైకోర్టు, మూడూ ఈ ఊరిలోనే ఉన్నాయి. కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్, అంటే క్యాట్, జబల్‌పూర్ బెంచి కూడా ఇక్కడికి వచ్చి సర్క్యూట్ సిట్టింగులు జరుపుతుంది.

ఇన్ని గడపలు దగ్గర్లో ఉండడం వల్ల ఒక ప్రమాదమూ ఉంది. ఇక్కడ కాకపోతే కోర్టులో చూసుకుందాం అన్న ధీమా విచారణ దశలో ఉద్యోగిని అజాగ్రత్తగా ఉంచుతుంది. ఆ ధీమాకు చట్టంలో ఆధారం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఎస్.శ్రీరామారావుకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1963లోనే ఈ సంగతి తేల్చింది. శాఖాపరమైన విచారణపై హైకోర్టు అప్పీలు కోర్టు కాదు. విచారణ నియమాల ప్రకారం జరిగిందా, సహజ న్యాయాన్ని పాటించారా, నిర్ణయానికి కొంతైనా సాక్ష్యం ఉందా, ఇంతవరకే చూస్తుంది. సాక్షి చెప్పినది నమ్మాలా వద్దా అని కొత్తగా తూచదు. అందువల్ల ఉద్యోగి కేసు చాలావరకు తేలిపోయేది కోర్టు హాల్లో కాదు, ఎంక్వయిరీ ఆఫీసర్ గదిలో. న్యాయ సహాయం అందాల్సిన సమయం కూడా అదే.

చాలా కేసులు సస్పెన్షన్‌తో మొదలవుతాయి. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ ముగిసేదాకా ఉద్యోగిని పనికి దూరంగా ఉంచడం మాత్రమే. కానీ సగం జీతంతో పిల్లల ఫీజు కట్టాల్సిన ఇంట్లో ఈ తేడా తెలియదు. పోలీసు కస్టడీలో 48 గంటలు మించి ఉన్న ఉద్యోగి దానంతటదే సస్పెన్షన్‌లో ఉన్నట్టు లెక్క. మామూలు సస్పెన్షన్ ఉత్తర్వును 90 రోజులు ముగిసేలోగా అధికారి సమీక్షించి పొడిగించాలి, లేకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. ఇదే రకం నియమం కింద దీపక్ మాలి కేసులో, గడువు దాటాక చేసిన సమీక్ష చచ్చిన ఉత్తర్వును బతికించలేదని సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో మరో మాట అంది. మూడు నెలల్లో ఛార్జిషీటు ఇవ్వకపోతే సస్పెన్షన్ సాగకూడదని, ఇచ్చినా పొడిగింపుకు కారణాలు రాయాలని ఆ తీర్పు సారం. సస్పెన్షన్ కాగితం మీది తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం ఆ ఇంట్లో ఎవరైనా చేయగలిగిన పని.

సస్పెన్షన్ కాలంలో ఇచ్చే జీవన భృతి, అంటే సబ్సిస్టెన్స్ అలవెన్సు, మొదట సగం జీతపు సెలవులో వచ్చే మొత్తం, దాని మీద డీఏ. మూడు నెలలు దాటి, ఆలస్యానికి ఉద్యోగి కారణం కాకపోతే ఆ భృతిని అందులో సగం వరకు పెంచవచ్చు. ఆలస్యం ఉద్యోగి వల్లే అయితే అంతే తగ్గించవచ్చు. వేరే ఉద్యోగం, వ్యాపారం చేయడం లేదని ధ్రువీకరణ ఇస్తూ ఉండాలి. ఈ భృతి దయగా పడేసే డబ్బు కాదు. 1973లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఘనశ్యామ్ దాస్ శ్రీవాస్తవ కేసులో ఉద్యోగి ఉండేది రేవాలో, విచారణ పెట్టింది దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న జగదల్‌పూర్‌లో. భృతి సమయానికి ఇవ్వలేదు. అక్కడికి వెళ్లి వాదించుకోవడానికి చేతిలో డబ్బు లేని మనిషికి అవకాశం ఇచ్చినట్టు కాదని కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. 1999లో కోలారు బంగారు గనుల ఉద్యోగి కెప్టెన్ పాల్ ఆంథొనీ కేసులోనూ అదే సూత్రం మళ్లీ వినిపించింది. ఆయనకు భృతి ఇవ్వకుండానే, ఆయన లేకుండానే విచారణ ముగించారు. అదే ఆరోపణ మీద పెట్టిన క్రిమినల్ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. సుప్రీంకోర్టు ఉద్యోగం తిరిగి ఇప్పించింది. అయితే క్రిమినల్ కేసు కొట్టేసిన ప్రతిసారీ ఉద్యోగం దానంతటదే వచ్చేస్తుందని అనుకోకూడదు. ఆ కేసులో రెండు చోట్లా వాస్తవాలూ సాక్ష్యమూ ఒకటే కావడం వల్ల ఫలితం అలా వచ్చింది.

ఇక ఛార్జిషీటు. చిన్న శిక్షలకు ఎస్‌ఎఫ్-11 ఫారం, పెద్ద శిక్షలకు ఎస్‌ఎఫ్-5 ఫారం. మందలింపు, ప్రమోషన్ ఆపడం, నష్టం రాబట్టడం, పాసులు ఆపడం, ఇంక్రిమెంటు ఆపడం వంటివి చిన్నవి. హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, రిమూవల్, డిస్మిసల్ పెద్దవి. రిమూవల్ అయినవారు మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అర్హులే, డిస్మిసల్ అయినవారికి సాధారణంగా ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఎస్‌ఎఫ్-5కు నాలుగు అనుబంధాలు ఉంటాయి. మొదటిది అభియోగం, రెండోది దాని వివరాలు, మూడోది పత్రాల జాబితా, నాలుగోది సాక్షుల జాబితా. భయంతో చాలామంది మొదటి పేజీ చదివి ఆగిపోతారు. కేసు బలం, బలహీనత కనిపించేది చివరి రెండు జాబితాల్లో. జాబితాలో లేని పత్రం మీద, విచారణకు రాని సాక్షి మాట మీద అభియోగం నిలబడదని వాదించడానికి ఆధారం అక్కడే దొరుకుతుంది.

జవాబుకు మొదట ఇచ్చే గడువు 10 రోజులు. అడిగితే అధికారి పొడిగించవచ్చు, అయితే లిఖితంగా అడగాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. పత్రాలు చూడాలని అడగడం ఉద్యోగి హక్కు. పత్రాలు చూడకుండా రాసిన జవాబు తరువాత ఉద్యోగికే అడ్డం తగులుతుంది. తప్పైపోయింది, క్షమించండి అని తొందరలో రాసిన ఒక్క వాక్యం నేరం ఒప్పుకున్నట్టు రికార్డులో మిగిలిపోతుంది. ఆ వాక్యాన్ని ఏ వకీలూ తరువాత తుడిచేయలేడు. భాష విషయంలో కూడా ఒక హక్కు ఉంది. 1976 నాటి అధికార భాషా నియమాల ప్రకారం, క్రమశిక్షణ కేసు నోటీసులు, ఉత్తర్వులు హిందీలో కావాలో ఇంగ్లీషులో కావాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కోరవచ్చు, ఆ భాషలో ఆలస్యం లేకుండా ఇవ్వాలి. అప్పీలు కూడా ఆ రెండింటిలో దేనిలోనైనా రాయవచ్చు. ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ మాట్లాడి, ఆఫీసు ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన ట్రాక్‌మ్యాన్‌కి ఈ నియమం చాలా విలువైనది. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టే ముందు తనకు వచ్చిన భాషలో అడిగి తీసుకోవచ్చు.

ఈ విచారణలో సాధారణంగా వకీలుకు చోటు లేదు. శాఖ తరఫున న్యాయశాస్త్రంలో శిక్షణ పొందినవారిని నిలబెట్టి, ఉద్యోగికి మాత్రం వకీలును నిరాకరిస్తే అది అన్యాయమని 1983లో బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రత్యేక పరిస్థితి. మామూలుగా ఉద్యోగికి తోడుండేది డిఫెన్స్ హెల్పర్. ఆ పాత్రలో తోటి రైల్వే ఉద్యోగి, రిటైరైన ఉద్యోగి, గుర్తింపు పొందిన యూనియన్ ప్రతినిధి ఉండవచ్చు. మంచి డిఫెన్స్ హెల్పర్‌కు వర్కింగ్ రూల్స్ తెలుసు, ఆ సెక్షనులో పని ఎలా నడుస్తుందో తెలుసు. ఎర్ర సిగ్నల్ దాటిన కేసులో బ్రేకు పవర్ గురించి, డ్యూటీ గంటల గురించి సాక్షిని ఏమడగాలో చాలామంది వకీళ్ల కంటే అతనికే బాగా తెలుస్తుంది. కాబట్టి యూనియన్ చందా కట్టేటప్పుడు ఉద్యోగులు అడగాల్సిన మొదటి ప్రశ్న, మీ దగ్గర డీఏఆర్ తెలిసినవారు ఎవరున్నారు అన్నదే. విచారణకు పిలిస్తే వెళ్లకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. వెళ్లకపోతే ఏకపక్షంగా ముగిస్తారు, సాక్షులను ప్రశ్నించే అవకాశం పోతుంది.

రైల్వేలో తరచుగా వచ్చే అభియోగాల్లో ఒకటి అనుమతి లేని గైర్హాజరు. ఊరికి పండక్కో చావుకో వెళ్లి, జబ్బు చేసి, నెలలు దాటిపోయిన కేసులు ఇందులోకే వస్తాయి. 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు, రాకపోవడం ఒక్కటే చాలదు, కావాలనే రాలేదని విచారణలో రుజువు కావాలని చెప్పింది. వైద్య పత్రాలు, పంపిన సమాచారం, పోస్టు రసీదులు ఈ చోటే పనికొస్తాయి. ఊరి ఆర్‌ఎంపీ రాసిన చీటీ ఒక్కటే ఉంటే కష్టం. జబ్బు పడిన వారంలోనే ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో తెలియజేస్తే, ఆ రసీదు తరువాత నూరు మాటల పెట్టు.

విజిలెన్సు ఉచ్చు కేసులు మరో రకం. బుకింగ్ క్లర్కు దగ్గరికో, టీటీఈ దగ్గరికో ప్రయాణికుడి వేషంలో మనిషిని పంపి, నోట్ల నంబర్లు రాసుకుని పట్టుకుంటారు. ఇలాంటి తనిఖీలకు స్వతంత్ర సాక్షులు ఉండాలని రైల్వే విజిలెన్సు మాన్యువల్‌లో సూచనలు ఉన్నాయి. అవి పాటించకపోతే? 2007లో సికిందరాబాదు దక్షిణ మధ్య రైల్వేకు సంబంధించిన జి.రత్నం కేసులో సుప్రీంకోర్టు, అవి పరిపాలనా సూచనలే కాబట్టి వాటిని దాటినంత మాత్రాన కేసు మొత్తం చెల్లకుండా పోదని చెప్పింది. మరుసటి ఏడు మోనీ శంకర్ కేసులో అదే కోర్టు, అలాగని వాటిని పూర్తిగా పక్కన పెట్టకూడదని, సాక్ష్యం అసలే పలచగా ఉన్నప్పుడు ఆ లోపం ఉద్యోగికి అనుకూలంగా లెక్కకు వస్తుందని తేల్చి, శిక్షను నిలబడనివ్వలేదు. రెండు తీర్పులను కలిపి చదివితే ఉద్యోగి చేయాల్సింది స్పష్టం. మాన్యువల్ పాటించలేదని కేకవేస్తే సరిపోదు. ఆ స్వతంత్ర సాక్షి మాట విన్నాడా, దూరం ఎంత, చూశాడా అని విచారణలో ప్రశ్నించి, జవాబులు రికార్డులో ఎక్కించాలి.

విచారణ ముగిశాక ఎంక్వయిరీ నివేదిక నకలు ఉద్యోగికి ఇచ్చి, 15 రోజుల్లో అభిప్రాయం చెప్పుకోనివ్వాలి. ఈ హక్కుకు గట్టి పునాది హైదరాబాదులో పడింది. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అందరూ ఈసీఐఎల్ అనే సంస్థకూ, బి.కరుణాకర్‌కూ మధ్య నడిచిన కేసులో 1993 అక్టోబరులో రాజ్యాంగ ధర్మాసనం, నివేదిక చూపకుండా శిక్ష వేయడం తగిన అవకాశాన్ని నిరాకరించడమేనని తీర్పు చెప్పింది. దానికి ఒక షరతు కూడా పెట్టింది. నివేదిక ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందో లేదో కోర్టు చూడాలి, శిక్ష రద్దయినా ఆ దశ నుంచి విచారణ మళ్లీ నడపవచ్చు. ఆ 15 రోజుల జవాబులో సాక్ష్యానికీ నిర్ణయానికీ మధ్య ఎక్కడ పొంతన లేదో పేరా పేరాగా చూపడం ఉత్తమం. తరువాత అప్పీలూ, క్యాట్ దరఖాస్తూ ఆ జవాబు మీదే నిలబడతాయి.

హోదా తగ్గింపు సంగతి కొంచెం వేరు. పై పోస్టులో తాత్కాలికంగా ఉన్నవారిని కింది పోస్టుకు పంపడం ప్రతిసారీ శిక్ష కాదు. 1957లో రైల్వే ఉద్యోగి పరశోతమ్ లాల్ ధింగ్రా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన గీటురాయి నేటికీ వాడుకలో ఉంది. ఆ పోస్టుపై ఉద్యోగికి హక్కు ఉందా? లేకపోతే, ఆ ఉత్తర్వు వల్ల జీతం, సీనియారిటీ, భవిష్యత్తు అవకాశాలు పోయే దుష్ఫలితం ఉందా? రెండింటిలో ఏదో ఒకటి ఉంటే అది శిక్షే, విచారణ తప్పనిసరి.

శిక్ష ఉత్తర్వు అందిన 45 రోజుల్లో అప్పీలు వేయాలి. అప్పీలు ఉద్యోగి తన పేరున రాయాలి, మర్యాద తప్పిన మాట ఉండకూడదు. అప్పీలు అధికారి డీఏఆర్‌లోని రూల్ 22 ప్రకారం మూడు విషయాలు చూడాలి. విధానం పాటించారా, నిర్ణయాలకు సాక్ష్యం ఉందా, శిక్ష తప్పుకు తగినదేనా అన్నవి. ఘాజియాబాద్ లోకో షెడ్డులో షంటరుగా పనిచేసి రిమూవల్ అయిన రామ్ చందర్ అప్పీలును ఇవేవీ చర్చించకుండా కొట్టేశారు. 1986లో సుప్రీంకోర్టు అది చెల్లదని, మనిషిని పిలిచి విని, కారణాలు రాసి నిర్ణయించాలని ఆదేశించింది. ఉద్యోగుల హక్కుల మీద వచ్చిన తీర్పుల్లో దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు. అప్పీలు తిరస్కరణ ఒకే వాక్యంలో వస్తే గుర్తు తెచ్చుకోవాల్సింది ఈ కేసునే. డిస్మిస్, రిమూవ్ అయిన లేదా నిర్బంధంగా రిటైరైన గ్రూప్ సి ఉద్యోగి అప్పీలు తేలాక మరో 45 రోజుల్లో జనరల్ మేనేజర్‌కు రివిజన్ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

విచారణే లేకుండా తీసేసే దారి ఒకటి ఉంది, డీఏఆర్‌లోని రూల్ 14. క్రిమినల్ కోర్టులో శిక్ష పడినప్పుడు, విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కానప్పుడు, దేశ భద్రత కోసం దాన్ని వాడవచ్చు. 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని సమర్థించింది, అయితే విచారణ ఎందుకు సాధ్యం కాదో అధికారి లిఖితంగా కారణం చూపాలి. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్న 1974 మే రైల్వే సమ్మె తరువాత వేల మంది ఉద్యోగాలు పోయాయి. వారిని తిరిగి తీసుకున్నది 1977లో వచ్చిన జనతా ప్రభుత్వం. 1981లో లోకో రన్నింగ్ స్టాఫ్ సమ్మె చేసినప్పుడు మళ్లీ ఈ రూలే దిగింది. ఆ కేసులు పన్నెండేళ్లు సాగాయి. 1993లో ఆర్.రెడ్డప్ప కేసులో సుప్రీంకోర్టు వారిని మూడు నెలల్లో తిరిగి పనిలోకి తీసుకోవాలని, మూడేళ్ల జీతానికి సమానమైన పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. న్యాయం జరిగింది. కానీ ఇంజను నడిపే వయసులో ఉన్నవారి పన్నెండేళ్లు తిరిగి రాలేదు.

శాఖలో దారులు మూసుకుపోయాక క్యాట్. అప్పీలు తేలిన తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. అప్పీలు వేసి ఆరు నెలలైనా జవాబు లేకపోతే, ఆ ఆరు నెలలు ముగిసినప్పటి నుంచి ఏడాది. శాఖకు మళ్లీ మళ్లీ అర్జీలు పంపుతూ కూర్చుంటే ఈ గడువు ఆగదు. కేసులు పోవడానికి ఇంత మామూలు కారణం మరొకటి లేదు. దరఖాస్తు రుసుము 50 రూపాయలు. ఉద్యోగి స్వయంగా వాదించుకోవచ్చు, వకీలును పెట్టుకోవచ్చు. క్యాట్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లే హక్కు 1997లో ఎల్.చంద్రకుమార్ తీర్పుతో వచ్చింది. రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) సిబ్బందికి క్యాట్ వర్తించదు, వారు హైకోర్టుకే వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ హైకోర్టే. కాంట్రాక్టరు కింద స్టేషను ఊడ్చేవారికి, కోచ్‌లు కడిగేవారికి 311వ అధికరణం రక్షణ అసలే లేదు. వారికి దిక్కు కార్మిక చట్టాలు.

వకీలు ఫీజు కట్టలేనివారికి 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఆ చట్టంలో కోర్టు అంటే ట్రిబ్యునల్ కూడా, కాబట్టి క్యాట్ కేసులకూ అడగవచ్చు. రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ బిలాస్‌పూర్‌లోనే ఉంది. జాతీయ సహాయ ఫోన్ నంబరు 15100.

అన్ని దారుల్లోనూ ఓడిపోయిన కుటుంబానికి మిగిలే దారి ఒకటి ఉంది, చాలామందికి దాని పేరే తెలియదు. 2004 జనవరి 1కి ముందు చేరి పాత పెన్షన్ కింద ఉన్న ఉద్యోగి డిస్మిస్ లేదా రిమూవ్ అయితే పెన్షన్, గ్రాట్యుటీ పోతాయి. కానీ 1993 రైల్వే పెన్షన్ నియమాల్లోని 65వ నియమం ప్రకారం, కేసు ప్రత్యేకంగా దయ చూపదగినదని భావిస్తే, రావాల్సిన పెన్షన్‌లో, గ్రాట్యుటీలో మూడింట రెండు వంతులు మించకుండా కంపాషనేట్ అలవెన్సు మంజూరు చేయవచ్చు. ఎన్నేళ్లు చేశారో, తప్పు ఏ రకమైనదో, ఇంట్లో ఎవరెవరున్నారో రాసి అర్జీ పెట్టాలి. పాత రిమూవల్ ఉత్తర్వు ఇంట్లో ఉన్న కుటుంబాలు దాన్ని బయటికి తీసి, యూనియన్ ఆఫీసుకో లీగల్ సర్వీసెస్ ఆఫీసుకో తీసుకెళ్లి ఒకసారి చూపించాలి.